గుడారం బయట ఉన్నదెవరు?

అమెరికాలోని కయోవా ఆదివాసులు చెప్పుకునే కథ ఒకటి ఉంది. రాత్రివేళ. బాణాలు చేసే ఒక మనిషి, అతని భార్య గుడారంలో ఇద్దరే ఉన్నారు. మధ్యలో నిప్పు మండుతోంది. ఆ వెలుగులో అతను బాణాలు సరిచేసుకుంటున్నాడు. వంకర ఉన్న పుల్లను పళ్ళ మధ్య పట్టి నిటారు చేయడం వారి పద్ధతి. అందుకే బాగా కుదిరిన బాణం మీద పంటి గాట్లు కనిపిస్తాయంటారు. పని చేసుకుంటూ ఉండగా గుడారం తోలులో ఒక చిన్న సందు అతని కంటపడింది. ఆ సందులోంచి బయట ఎవరో నిలబడి లోపలికి చూస్తున్నారు. అతను బెదరలేదు, చేతిలో పని ఆపలేదు. భార్యను కంగారు పెట్టకుండా సంగతి చెప్పి, రోజూ మాట్లాడే గొంతుతోనే మాట్లాడసాగాడు. బాణాన్ని వింటికి తొడిగి, సరిగ్గా ఉందో లేదో చూసుకుంటున్నట్టు అటూ ఇటూ గురిపెట్టసాగాడు. ఆ మాటల మధ్యలోనే, గొంతు మార్చకుండా, బయటి మనిషిని కయోవా భాషలో అడిగాడు. నువ్వు మా మనిషివైతే నేనంటున్నది నీకు తెలుస్తుంది, నీ పేరు చెప్పమన్నాడు. జవాబు రాలేదు. గురి అటూ ఇటూ తిప్పుతూ ఆ మనిషి వైపుకు రాగానే బాణం వదిలాడు. అది శత్రువు గుండెలో దిగింది.

కథ ఇంతే. దీన్ని ప్రపంచానికి తెలిసేలా రాసినవాడు స్కాట్ మొమడే. ఆయన కయోవా. 1934లో ఓక్లహోమాలో పుట్టాడు, 2024లో కన్నుమూశాడు. ఆయన నవలకు 1969లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అమెరికా ఆదివాసి రచయితకు ఆ బహుమతి రావడం అదే మొదలు. అదే ఏడాది వచ్చిన 'ద వే టు రెయినీ మౌంటెన్' అనే చిన్న పుస్తకంలో ఈ బాణాల మనిషి కథ ఉంది. ఆ మనిషికి విల్లుకన్నా ముందు మాటే ఆయుధమైందని, అతని ప్రాణం మాట మీదే నిలబడిందని మొమడే తరువాత కూడా ఎన్నోసార్లు రాశాడు, చెప్పాడు.

ఆ మాట నిజమే. కానీ ఈ కథ చదివిన ప్రతిసారీ నాకు ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. ఆ రోజు బయట నిలబడ్డవాడు శత్రువే. ఈ రోజు నిలబడ్డవాడు ఆ బాణాల మనిషి మనవడే అయితే? బడికి పోయి, దూరాన పెరిగి, తాత భాష రాక, అడిగింది అర్థంగాక మౌనంగా నిలబడితే? అప్పుడు కూడా బాణం వదలాలా? సంస్కృతిని కాపాడుకోవాలని మనం సభల్లో సులువుగా అంటాం. ఎవరి నుంచి, ఎవరి కోసం, ఎలా అన్నది అంత సులువుగా తేలదు. కయోవాల అనుభవం చూస్తే ఇది కొంత తేటపడుతుందని నా నమ్మకం.

బోలు మానులోంచి వచ్చినవారు

కయోవాలు ఉత్తర అమెరికా గడ్డి మైదానాల ఆదివాసులు. ఇప్పుడు వారి తెగ కార్యాలయం ఓక్లహోమా రాష్ట్రం నైరుతి మూలన కార్నెగీ అనే చిన్న పట్టణంలో ఉంది. వారి జ్ఞాపకం మాత్రం అక్కడికి చాలా ఉత్తరాన మొదలవుతుంది. యెల్లోస్టోన్ నది పుట్టే కొండల నుంచి, బ్లాక్ హిల్స్ మీదుగా దక్షిణ మైదానాలకు దిగివచ్చామని చెప్పుకుంటారు. ఆ దారిలో గుర్రాలు దొరికాయి. బైసన్ అనే పెద్ద అడవిదున్నలను వేటాడే బతుకు అలవడింది. ఏటా వేసవిలో చేసే సూర్యనృత్యం, ఆ పండుగకు ప్రాణమైన తైమే అనే పవిత్రమైన బొమ్మ కూడా ఆ ప్రయాణంలో దక్కినవే.

అంతకుముందు సంగతి ఒక చిన్న కథలో ఉంది. కయోవాలు బోలుగా ఉన్న ఒక మానులోంచి ఒక్కొక్కరుగా ఈ లోకంలోకి వచ్చారట. మధ్యలో ఒక నిండు చూలాలు అందులో ఇరుక్కుపోయింది. ఆమె వెనక ఉన్నవారికి దారి లేకపోయింది. అందుకే తాము కొద్దిమందే ఉన్నామంటారు. వారి పాత పేర్లలో ఒకదానికి బయటికి వస్తున్నవారు అని అర్థం.

మీరెందుకు ఇంత తక్కువమంది అన్న ప్రశ్న చిన్న తెగలన్నిటికీ ఎదురయ్యేదే. జనాభా లెక్కల పుస్తకం దానికి ఒక జవాబు చెబుతుంది. ఆ జవాబులో చిన్నతనం ఉంటుంది. కథ చెప్పే జవాబులో చిన్నతనం లేదు. దారికి అడ్డంపడింది శాపమో పాపమో అయితే వేరు సంగతి. ఇక్కడ అడ్డంపడింది ఒక తల్లి కడుపు. పైగా లోపల ఉండిపోయినవారూ మనవాళ్ళే, ఇంకా రావలసినవాళ్ళు అన్న ఊహ కూడా ఆ కథలో మిగిలి ఉంది.

ఇంకో కథ ఒక బండ గురించి. వయోమింగ్ రాష్ట్రంలో డెవిల్స్ టవర్ అని పిలిచే నిలువు బండ ఒకటి ఉంది. 1906లో అమెరికా ప్రభుత్వం తన మొట్టమొదటి జాతీయ స్మారకంగా ప్రకటించింది దాన్నే. కయోవాలు దాన్ని బండచెట్టు అంటారు. ఏడుగురు అక్కచెల్లెళ్ళు, వారి తమ్ముడు ఆడుకుంటుండగా తమ్ముడు ఎలుగుబంటిగా మారిపోయాడు. అక్కలు భయపడి పరుగెత్తారు. ఒక చెట్టు మోడు వారిని పిలిచి ఎక్కమంది. ఎక్కగానే అది ఆకాశంలోకి పెరిగింది. ఎలుగు వారిని అందుకోలేక మోడు చుట్టూ గోళ్ళతో చీరింది. ఆ బండ మీద పైనుంచి కిందికి ఉన్న గాడులు ఆ గోళ్ళ గుర్తులే. అక్కచెల్లెళ్ళు ఏడు చుక్కలయ్యారు. మనం సప్తర్షి మండలం అనేది దాన్నే. మన గోండు పెద్దలు అవే చుక్కల్లో నాలుగింటిని మంచమని, మూడింటిని ఆ మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలని చూపిస్తారు.

ప్రతీక అంటే మాటకు చేసిన సింగారమని మనం పాఠం చెబుతాం. ఈ కథలో అది సింగారం కాదు, చుట్టరికం. కొత్త నేలకు వచ్చిన జనం అక్కడ ఒక వింత బండను చూశారు. కథ చెప్పుకోగానే ఆ బండ తమ ఇంటి గుర్తయింది, ఆకాశంలో తమ ఆడపడుచులు ఉన్నారు. తరువాత వారు ఆ చోటు వదిలి ఎంతో దక్షిణానికి పోయారు. నేల చేతిలో లేకపోయినా చుట్టరికం తెగలేదు. బండ వయోమింగ్‌లో ఉంది. కథ మాత్రం వారి వెంట ఓక్లహోమా దాకా నడిచింది.

బొమ్మా, నోరూ

కయోవాలకు లిపి లేదు. అయినా ఏళ్ళ లెక్క ఉంది. తోలు మీద, తరువాతి కాలంలో కాగితం మీద, ఏడాదికి రెండు బొమ్మలు గీసేవారు. చలికాలానికి ఒకటి, వేసవికి ఒకటి. చలికాలానికి గుర్తు నిలువుగా గీసిన నల్లటి గీత. ఆకు రాలిపోయి, పచ్చదనం చచ్చిపోయిన కాలమని దాని అర్థం. వేసవికి గుర్తు సూర్యనృత్యం పందిరి. ఆ గుర్తు దగ్గర ఆ కాలంలో జరిగిన ఒక్క ముఖ్యమైన సంగతికి బొమ్మ వేసేవారు. తోలు అరిగిపోతే కొత్త తోలు మీద మళ్ళీ గీసుకునేవారు. సెట్టాన్ అనే కయోవా గీసిన పంచాంగం 1833 నుంచి 1892 వరకు 60 ఏళ్ళ కథ చెబుతుంది. జేమ్స్ మూనీ అనే పరిశోధకుడు అలాంటి పంచాంగాలను కయోవా పెద్దల దగ్గర కూర్చుని చెప్పించుకొని, 1898లో ఒక పెద్ద గ్రంథంగా అచ్చు వేయించాడు.

ఆ పంచాంగం మొదలే కష్టంతో మొదలవుతుంది. 1833 వేసవిలో ఒసేజ్ తెగవారు ఒక కయోవా విడిది మీద పడి, చాలామందిని చంపి తలలు నరికారు. తైమేను ఎత్తుకుపోయారు. సంధి కుదిరి తైమే తిరిగి వచ్చేదాకా సూర్యనృత్యం జరగలేదు. అదే ఏడాది నవంబరు 13న తెల్లవారకముందే ఆకాశం నుంచి ఉల్కలు వానలా కురిశాయి. ఆ చలికాలం దగ్గర చుక్కల బొమ్మ ఉంది. శాస్త్రవేత్తలు ఆ ఉల్కాపాతాన్ని వేరేగా రాసుకున్నారు కాబట్టి కయోవా లెక్క ఎంత కచ్చితమో మనకు తెలుస్తోంది. రాయనివారికి చరిత్ర లేదనేవారికి ఈ ఒక్క బొమ్మ చాలు.

ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. నల్లగీత పక్కన నాలుగు చుక్కలు చూసి మనకేమీ తెలియదు. పక్కన ఒక మనిషి కూర్చుని, అప్పుడు ఏం జరిగిందో, ఎవరు ఏడ్చారో, ఎవరు పుట్టారో చెబితేనే ఆ బొమ్మకు ప్రాణం వస్తుంది. బొమ్మ ఒక ముడి. దాన్ని విప్పే వేలు మనిషి దగ్గర ఉంది. మన కోయ డోలీలు పడిగె గుడ్డ మీద బొమ్మలు చూపిస్తూ గోత్రాల కథ చెబుతారు కదా, అలాంటిదే ఇదీ. పడిగెను మడిచి అద్దాల బీరువాలో పెడితే గుడ్డ నిలుస్తుంది, రంగులు నిలుస్తాయి. అందులోని కథ డోలీ గొంతుతోనే వస్తుంది, గొంతుతోనే పోతుంది.

కయోవాలలో దీనికి ఇంకో కట్టు కూడా ఉంది. గుడారాల మీద వేసే కొన్ని చిత్రాలు, కొన్ని పాటలు, కొన్ని పేర్లు ఆయా కుటుంబాల సొత్తు. ఒకరి గుడారం బొమ్మను ఇంకొకరు ఇష్టం వచ్చినట్టు వేసుకోరాదు. హక్కును ఇవ్వాలి, తీసుకోవాలి. సేందే అనే కొంటె వీరుడి కథలు ఎప్పుడంటే అప్పుడు చెప్పేవి కావు, చలికాలం రాత్రుల్లో చెప్పేవి. అంటే కథతో పాటు, ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్న ధర్మం కూడా తరం నుంచి తరానికి అందుతూ వచ్చింది. కథను మాత్రం పట్టుకొని ఈ ధర్మాన్ని వదిలేస్తే సగమే కాపాడినట్టు.

తెగిన చోటు

1887లో కయోవాల చివరి సూర్యనృత్యం జరిగింది. అప్పటికే వేటగాళ్ళ తుపాకులకు అడవిదున్నలు అంతరించిపోయాయి. పవిత్ర వృక్షానికి దున్న తల కట్టాలి. అందుకోసం కొందరు ముసలివారు టెక్సాస్ దాకా పోయి, గుడ్‌నైట్ అనే పశువుల ఆసామి మందలోంచి ఒక దున్నను బతిమాలి, బేరమాడి తెచ్చుకోవలసి వచ్చింది. 1890లో మళ్ళీ గుమిగూడారు. ఈసారి దున్న దొరకలేదు. పాత తోలునే చెట్టుకు వేలాడదీశారు. నృత్యం మొదలుకాకముందే ఫోర్ట్ సిల్ నుంచి సైనికులు వచ్చి అందరినీ చెదరగొట్టారు. మొమడే నాయనమ్మ ఆహో అప్పటికి పదేళ్ళ పిల్ల. ఆమె కళ్ళ ముందే అది ముగిసిపోయింది.

తరువాత బడి వచ్చింది. 1893లో రెయినీ మౌంటెన్ దగ్గర ప్రభుత్వ బోర్డింగు బడి తెరిచారు. 1920 దాకా నడిచింది. ఆ కాలంలో అమెరికా అంతటా ఆదివాసి పిల్లల బోర్డింగు బడుల ఉద్దేశం ఒకటే. పిల్లను తల్లి నుంచి, భాష నుంచి వేరుచేసి కొత్త మనిషిని చేయాలి. జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, ఇంటి భాష మాట్లాడితే శిక్షించారు. సైన్యం పండుగను ఒక్కరోజులో ఆపింది. బడి మాత్రం నెమ్మదిగా పని చేసింది. బిడ్డ నోట్లోంచి తల్లి మాటను తీసేసింది. ఉపాధ్యాయులమైన మనం ఈ సంగతిని తలదించుకొని చదవాలి. ఏ దేశంలోనైనా ఆ పని చేయించింది ప్రభుత్వమే అయినా, చేసింది పలక పట్టిన చేయి. చిన్ననాటి నుంచి కయోవా మాట్లాడుతూ పెరిగినవారు ఈనాడు బహు కొద్దిమంది పెద్దలే.

కాబట్టి గుడారం బయట నిలబడ్డ మనవడు అక్కడికి ఎలా వచ్చాడో మనకు తెలుసు. తనంతట తాను పోలేదు. పంపించారు.

రెండు వాదాలు

ఇప్పుడు ప్రశ్నకు వద్దాం. భాష రానివాడు మనవాడా?

ఒక వాదం ఇలా ఉంటుంది. భాషే కంచె. భాష పోయాక పాట అర్థం కాదు, ప్రార్థన అర్థం కాదు, చుట్టరికాల పిలుపులు కలగాపులగమవుతాయి. అప్పుడు మిగిలేది పండుగ రోజు వేసుకునే వేషం మాత్రమే. ఈ వాదం చెప్పేవారిని చాదస్తులని తోసేయరాదు. వారు చెప్పే నష్టం నిజమైన నష్టం. మొమడేనే చూడండి. ఆయనకు కయోవా సరిగా రాదు. కథలు తండ్రి ఇంగ్లీషులో చెబితే విన్నాడు. నాయనమ్మ చేసే ప్రార్థనల గొంతు విన్నాడు, అందులోని విషాదం గుర్తుపట్టాడు, కానీ మాటలు అర్థం కాలేదు. ఆ సంగతి ఆయనే దాచకుండా రాశాడు. అంత పెద్ద రచయితకు కూడా ఆ లోటు లోటుగానే మిగిలింది.

రెండో వాదం దీనికి ఎదురుగా ఉంటుంది. రక్తం ఉంటే చాలు, మనసులో అభిమానం ఉంటే చాలు, భాష లేకపోయినా నేను ఆదివాసినే అంటుంది. ఇందులో ఓదార్పు ఉంది. కానీ అభిమానానికి పని ఏమిటని అడిగితే జవాబు ఉండదు. ఏమీ నేర్చుకోకుండా, ఎవరికీ ఏమీ బాకీ పడకుండా, సర్టిఫికెట్టు మీది పేరుతో వారసుడినని చెప్పుకోవడం తాత పొలం దున్నకుండా పట్టా మాత్రం దాచుకోవడం లాంటిది.

మొదటి వాదం పిల్లవాడి మీద బాణం వదులుతుంది. రెండోది ఎవరొచ్చినా గుడారం తలుపు తెరిచి, లోపల నిప్పు ఆరిపోయినా పట్టించుకోదు. రెండూ ఒక విషయం మరచిపోతాయి. బాణాల మనిషి బయటివాడిని నీకు భాష వచ్చా అని పరీక్ష పెట్టలేదు. నీ పేరు చెప్పు అన్నాడు. పేరు మనకు మనం పెట్టుకునేది కాదు. ముందు ఎవరో ఒకరు ఇవ్వాలి. ఇచ్చాకే చెప్పగలం.

పేరు పెట్టిన ముసలాయన

మొమడే పసివాడుగా ఉన్నప్పుడు తల్లిదండ్రులు అతన్ని ఆ బండచెట్టు దగ్గరికి తీసుకుపోయారు. తిరిగి వచ్చాక పోలాక్ అనే ముసలి బంధువు ఒకాయన ఆ పిల్లవాడికి కయోవా పేరు పెట్టాడు. ఆ పేరుకు అర్థం బండచెట్టు కుర్రాడు. ఆ ముసలాయన తన దగ్గర ఒక లెక్కల పుస్తకంలో కయోవా పంచాంగం బొమ్మలు దాచుకున్నవాడు. ఏళ్ళను జ్ఞాపకం పెట్టుకునే మనిషి, ఒడిలో ఉన్న పసివాడిని ఎలుగు, అక్కచెల్లెళ్ళు, చుక్కలు ఉన్న ఆ పాత కథలోకి చేర్చాడు.

భాష సరిగా రాని మొమడే జీవితమంతా ఆ పేరుకు జవాబు చెబుతూ బతికాడు. నాయనమ్మ చనిపోయాక రెయినీ మౌంటెన్ దగ్గరి ఆమె సమాధికి వచ్చాడు. కయోవాలు దిగివచ్చిన దారి వెంట తానూ ప్రయాణించి చూశాడు. తండ్రి చెప్పిన కథ, చరిత్రకారులు రాసినది, తన జ్ఞాపకం, ఈ మూడింటినీ పుస్తకంలో పక్కపక్కన పెట్టాడు. మూడింటినీ కలిపి తన గొప్పగా చెప్పుకోలేదు. ఏది ఎవరి గొంతో పాఠకుడికి తెలిసేలా ఉంచాడు. బొమ్మలు తండ్రి వేశాడు.

ఆయనకు ఎదురుగా ఇంకొకరిని చూద్దాం. పార్కర్ మెకెంజీ 1897లో పుట్టాడు, 1999 దాకా బతికాడు. రెయినీ మౌంటెన్ బడికి ఇంగ్లీషు రాకుండా వెళ్ళినవాడు. భాషను తుడిచేయడానికి పెట్టిన ఆ చదువే అతని చేతికి అక్షరాలు ఇచ్చింది. బోర్డింగు బడి రోజుల్లోనే, తరువాత తనకు భార్య అయిన అమ్మాయికి ఇంగ్లీషు అక్షరాలతో కయోవా మాటలు రాసి చీటీలు పంపేవాడట. కయోవాలో స్వరం ఎత్తితే ఒక అర్థం, దించితే ఒక అర్థం. ఇంగ్లీషులో లేని ధ్వనులున్నాయి. ఆ ధ్వనులకు ఆయన కయోవాకు అక్కరలేని ఎఫ్, జె, వి, క్యూ వంటి ఇంగ్లీషు అక్షరాలను అప్పగించాడు. మామూలు టైపు మిషను మీదే కయోవా రాయవచ్చు. పండితుడు హారింగ్టన్‌తో కలిసి 1948లో తన భాష మీద పుస్తకం తెచ్చాడు. కళాశాల పట్టా లేని ఆయనకు 1991లో కొలరాడో విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆయన వందేళ్ళు దాటి బతకడం మన అదృష్టం అని భాషా శాస్త్రజ్ఞులు అనుకునేలా ఆఖరిదాకా పని చేశాడు.

ఒకరు భాష రాక కథలను పట్టుకున్నారు. ఒకరు భాషనే పట్టుకున్నారు. ఎవరు ఎక్కువ కయోవా అని అడగడం తప్పు ప్రశ్న అనిపిస్తుంది. ఇద్దరూ తమ చేతికి అందినదాన్ని తరువాతి చేతికి అందించారు. నా లెక్కలో వారసత్వం అంటే ఈ బాకీ తీర్చడమే. భాష రాకపోవడం నేరం కాదు. నేర్చుకునే వీలుండీ, చెప్పేవారుండీ, అక్కరలేదని ముఖం తిప్పుకోవడం మాత్రం నేరమే.

శత్రువు లేకపోలేదు

ఇంత మాత్రం చేత బయట నిలబడ్డవారందరూ మనవాళ్ళే అనుకోరాదు. తోలు సందులోంచి తొంగిచూసి ఎత్తుకుపోయేవారు ఇప్పుడూ ఉన్నారు. అమెరికాలో ఆదివాసుల సమాధుల్లోని ఎముకలు, పవిత్ర వస్తువులు మ్యూజియాల్లో చేరిపోయాయి. వాటిని తిరిగి అడిగే హక్కును చట్టం గుర్తించడానికి 1990 దాకా పట్టింది. కయోవాలు తైమే విషయంలో వేరే దారి పట్టారు. తైమేను సూర్యనృత్యం రోజుల్లో తప్ప ఎప్పుడూ బయటికి తీయరు. నృత్యం ఆగిపోయాక మూట విప్పలేదు. ఫొటో తీయించి ఉంటే ప్రపంచం చూసేది. చూపించకపోవడమే వారు కాపాడిన తీరు. కొన్ని వస్తువులు, కొన్ని మాటలు నలుగురిలో పెట్టినప్పుడు నిలుస్తాయి. కొన్ని మూటలో ఉంటేనే నిలుస్తాయి. ఏది ఏదో చెప్పవలసింది ఆ జనమే, రాసుకునేవాడు కాదు.

మరి బయటివారిలో శత్రువును ఎలా గుర్తుపట్టాలి? జేమ్స్ మూనీ సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఆయన కయోవా కాదు. తెల్లజాతి పరిశోధకుడు, ప్రభుత్వ సంస్థ ఉద్యోగి. కయోవాల పంచాంగాలు, గుడారం బొమ్మలు సేకరించాడు. అయితే 1918లో పెయోటే అనే మొక్కతో ఆదివాసులు చేసుకునే ప్రార్థనను నిషేధించాలని ఒత్తిడి వచ్చినప్పుడు, ఆ ప్రార్థన హక్కు కోసం నిలబడ్డాడు. ఓక్లహోమాలో నేటివ్ అమెరికన్ చర్చి నమోదు కావడానికి తోడ్పడ్డాడు. దానికి ఫలితంగా కయోవాల దగ్గర పరిశోధన చేయకుండా పై అధికారులు ఆయన్ని ఆపేశారు. తీసుకున్నవాడు బదులు తీర్చాడు. మన ఆదిలాబాద్ గోండుల దగ్గరికి 1940లలో వచ్చిన హైమండార్ఫ్‌ను మార్లవాయి ఇప్పటికీ ఎందుకు తలుచుకుంటుందో ఇదే చెబుతుంది. ఆయన పుస్తకాలు మాత్రమే రాసి పోలేదు. భూమి పట్టాల కోసం, గోండి బడుల కోసం నిలబడ్డాడు. కథ తీసుకున్నాక ఆ జనానికి కష్టం వచ్చినప్పుడు ఎక్కడ నిలబడ్డాడన్నదే మనిషిని తెలిపే గుర్తు. ఈ గీటురాయి పరాయివారికే కాదు, మనలో చదువుకున్నవారికీ పెట్టాలి.

మనం చేయదగినవి

ఇది ఉపాధ్యాయులు, యువకులు చదివే పుస్తకం కాబట్టి నాలుగు మాటలు పని గురించి చెబుతాను.

పిల్లలకు ప్రాజెక్టు ఇచ్చి అవ్వల కథలు రాసుకురమ్మంటున్నాం. మంచిదే. ఆ కథ కింద చెప్పిన అవ్వ పేరు ఉందా? ఆమె ఊరు, ఏ సందర్భంలో చెప్పే కథ, ఎవరి దగ్గర నేర్చుకుంది అన్నది ఉందా? ఆమె వాడిన మాటలు ఆమె భాషలోనే, తెలుగు లిపిలోనైనా సరే, కొన్నయినా ఉన్నాయా? రాసింది ఆమెకు చదివి వినిపించామా? బాణం మీద పంటి గాటు ఉన్నట్టు, రాసిన కథ మీద చెప్పిన నోటి గుర్తు ఉండాలి. అది చెరిపేసి నున్నగా రాస్తే పరీక్షలో మార్కులు వస్తాయి, కథ అనాథ అవుతుంది.

పూజలో మాత్రమే పాడే పాట, కొందరికే చెప్పే మాట వస్తే, రాయవచ్చా అని ముందు అడగాలి. వద్దంటే కలం మూయాలి. రాయకపోవడం కూడా కాపాడటంలో భాగమేనని పిల్లలకు చెప్పాలి.

కొంచెం ఖర్చుతో ఫోనులో రికార్డు చేసుకోవచ్చు. చేయాలి కూడా. కాకపోతే ఫోను విన్నది చెవి విన్నట్టు కాదు. కోయ డోలీ గాయకుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమందరం సంతోషించాం. అలాంటి గొంతు ఎదుట కూర్చుని, మధ్యలో ఊకొట్టి, మరచిపోతే అందించే కుర్రవాడు ఒకడు ఉంటేనే ఆ కథకు రేపు ఉంటుంది. కయోవాల కథ చెప్పడంలోనూ వినేవాడికి పని ఉంటుంది. అతను ఊరకే వినడు, మాట కలుపుతాడు.

హాస్టళ్ళలో, కాలేజీల్లో చదివి సెలవులకు ఇంటికి వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీకు అవ్వ భాష రాకపోతే సిగ్గుపడకండి, సాకు కూడా చేసుకోకండి. మొదటి పాఠం చిన్నది. మీ పేరు, మీ గోత్రం, మీ కొండ, మీ వాగు, మీ అమ్మ పుట్టిన ఊరు, ఇవి అవ్వ భాషలో చెప్పడం నేర్చుకోండి. ఎవరు అడిగినా చెప్పగలిగేటంత బాగా నేర్చుకోండి.

పెద్దలకు కూడా ఒక మనవి. పిల్లవాడు ఆ మాటలు తప్పుగా పలుకుతాడు. యాస కుదరదు, వరస తప్పుతుంది. ఆ పూట నవ్వకండి. నవ్వితే మళ్ళీ నోరు తెరవడు. సరైన మాట మీరు ఒకసారి అని చూపండి, వాడితో మళ్ళీ అనిపించండి.